సిస్టరమ్మ ముందు వల్లించిన స్పానిష్ క్రియలు

బట్టల అంగడి గుమాస్తా ఒకడు మంత్రం చదివి దొరసాని చేత తానులు కొనిపించాడని బెంగళూరు చిక్కపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గుమాస్తాను నేనే. చదివింది మంత్రం కాదు, స్పానిష్ క్రియాపదాలు. అందుకే ఇది రాసిపెట్టక తప్పడం లేదు.

యుద్ధం మొదలైన కొత్తలో, మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు లైబ్రరీకి వెళ్లడానికి మా యజమాని ఒప్పుకున్నారు. అక్కడ ఇంగ్లీషులో రాసిన స్పానిష్ వ్యాకరణం కనిపించింది. ఎవరూ తీసుకెళ్లిన ముద్ర లేదు. ఊళ్లో ఎవరికీ రాని విద్య అనగానే నాకు ఆశ పుట్టింది.

నేను వీధిబడివాణ్ణి. ఏదైనా ఎక్కాల్లాగా రాగం తీసి వల్లిస్తేనే వస్తుంది. తెల్లవారి స్నానం చేసి, ఒళ్లూపుతూ "వెండో, వెండెస్, వెండె" అనేవాణ్ణి. అమ్ముతాను, అమ్ముతావు, అమ్ముతాడు అని అర్థం.

"నిదానంగా చెప్పండి. మీ భూతకాలం అయ్యేలోపల పప్పు ఉడకల్ల" అనేది వంటింట్లోంచి, నా వల్లెతోనే వంటకు వేళ చూసుకునే నా భార్య.

భవిష్యత్కాలం పుటలను చెదలు తినేశాయి. ఆ పుస్తకాన్ని నాకంటే ముందు చదివినవి అవే.

ఒకరోజు యజమాని పిలిచారు. "కంటోన్మెంటు కాన్వెంటు నుంచి సిస్టరమ్మ వస్తా ఉండాదప్పా. స్పెయిన్ ఆయమ్మంట. నువ్వే మాట్లాడల్ల. మాట్లాడలేదంటే రేపట్నించి నీ లైబ్రరీ బంద్."

సిస్టరమ్మ వచ్చి కూర్చుంది. "మేము గుడ్డలు అమ్ముతాం" అనాలి. 'అమ్ముతాం' వరసలో నాలుగోది, విడిగా నోటికి రాదు. కళ్లు మూసుకుని, ఊగుతూ మొదలుపెట్టాను. "వెండో, వెండెస్, వెండె, వెండెమొస్!" అక్కడ ఆగిపోయాను. క్రియలే నేర్చాను గాని, గుడ్డకు మాట నేర్చుకోలేదు. దారి తోచక మళ్లీ మొదటికి వచ్చాను. ఈసారి సిస్టరమ్మ కూడా నా రాగంలోనే అందుకుని ఊగసాగింది. మూటలు మోసే కూలీలు చేతులు జోడించారు.

"ఆయమ్మకూ పూనిందిరా!" అన్నాడొకడు.

చివరి రూపం దాకా చెప్పి, సిస్టరమ్మ యజమాని వైపు తిరిగి తేట కన్నడంలో దుప్పట్ల గుడ్డ ఎంతని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉందట.

యజమాని నన్ను కొరకొర చూశారు. "ఈయప్ప ఇంతసేపూ ఏం చెప్పినాడమ్మా?" అన్నారు కన్నడంలో.

"అమ్ముతాం అన్నాడు. రెండుసార్లు."

నా లైబ్రరీ ఇక ముగిసిందనుకుని, చెదల సంగతి కూడా చెప్పేశాను. ఆమె బిల్లు కాగితం వెనక భవిష్యత్కాలం రాసిచ్చింది. ఆరు తానులు తీయించుకుని, ఈయన ఇంకా నామవాచకాలు నేర్చుకోవాలి, గంట చాలదు అంది.

ఆరు తానులు కొన్న మనిషిని కాదనలేక యజమాని నిట్టూర్చారు. "గంటన్నర పోప్పా. అంగట్లో మాత్రం కళ్లు మూసుకోవద్దు."

పేర్లు రాయను, ఎవరికి వారు గుర్తుపడతారు. ఆ అరగంట పెంచిన యజమానికి, నాతో ఊగిన సిస్టరమ్మకు, ఆ కాగితాన్ని చెదలు తిన్నచోట అంటించిన లైబ్రరీ ఆయనకు కృతజ్ఞతలు. నా భార్యకు కూడా. భవిష్యత్కాలం వచ్చాక మా ఇంట్లో రసం సైతం వేళకు మరుగుతోంది.