ఓక్ అడవిలో ఆండాళమ్మ ఊపిరి

అడవిలో పెట్టె దగ్గర ఎవరైనా నోరు తెరిస్తే గోవిందరాజులు అంకుల్‌కి ఒళ్లు మండేది. "ఊపిరి బిగబట్టమ్మా! గాలి వచ్చే వైపు నిలబడకు" అని కసురుకునేవారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని ఆ ఓక్ అడవి ఎంత కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటోందో, ఎంత వదులుతోందో కొలవడం ఆయన పని. ఎం.ఎస్సీ. చదువుతూ నేను ఆయన దగ్గర పని నేర్చుకునేదాన్ని. మట్టి ఊపిరిని కొలిచే స్టీలు పెట్టె నేలమీదే ఉంటుంది. దాని మూత తెరిచి ఉన్నప్పుడు మనిషి ఊపిరి తగిలిందా, లెక్క చెడినట్టే.

లండన్ శివారు హారోలో వాళ్లింటికి ఎప్పుడెళ్లినా అంకుల్ భార్య ఆండాళమ్మ ఆంటీది ఒకటే గొడవ. "దసరాకి మిక్సీకి, కారుకి, ఆఖరికి ఇల్లు ఊడ్చే హూవర్‌కి కూడా బొట్టు పెడతాను. మనకి అన్నం పెట్టే ఆ మిషన్‌కి మాత్రం పూజ లేదంట!"

"కర్పూరం వెలిగిస్తే అదంతా లెక్కలోకొస్తుందే" అనేవారు అంకుల్. ఏటా ఇదే రామాయణం.

2014లో ఆంటీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక బాగుపడవని డాక్టర్లు చెప్పేశారు. "మీ అడవి ఒక్కసారి చూపించండి" అని మాత్రం అడిగింది. ఆ దసరాకి నా కారులో తీసుకెళ్లాం.

చెట్ల మధ్య పొగమంచు కదలకుండా నిలబడి ఉంది. పసుపుపచ్చని ఆకులు చప్పుడు లేకుండా రాలుతున్నాయి. ముగ్గురం నిద్రలో నడుస్తున్నట్టు నడిచాం. ఆంటీ పెట్టె ముందు మెల్లగా కూర్చుంది. కుంకుమ బొట్టు పెట్టి, తెరుచుకున్న మూతలోకి వంగి చూసింది. ఆయాసంతో వదిలిన ఊపిరి తెల్లగా లోపలికి జారింది. నేను భయపడి అంకుల్ వంక చూశాను. ఆయన కసురుకోలేదు. మూత దానంతటదే పడింది. పెట్టెకి తగిలించిన లాప్‌టాప్ తెరమీద గీత నిటారుగా లేచింది.

"అదేంటండీ, అంతెత్తుకి పోయింది?"

"అది నువ్వే" అన్నారు అంకుల్.

ఆ చలికాలంలోనే ఆంటీ పోయింది.

వేసవిలో లెక్కల్లోంచి తప్పులు ఏరేస్తూ ఆ రోజు దగ్గరికొచ్చాం. "ఆ గీత ఉంచేయండి అంకుల్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

"అడవి లెక్క అడవిదేనమ్మా" అంటూ తీసేశారు. ఇంత రాతిగుండె ఏమిటని నాకు చాలా కోపం వచ్చింది.

మా పనిలో ఒక నియమం ఉంది. లెక్కలోంచి ఏం తీసేసినా, మిషన్ మొదట పట్టిన ఫైల్‌ను ఎవరూ చెరపరు. మళ్లీ దసరా వచ్చింది. ఆఫీసుకి వెళ్లేసరికి అంకుల్ ఆ పాత ఫైల్ తెరిచి కూర్చుని ఉన్నారు. గీత లేచిన చోట, తెరమీద చిన్న కుంకుమ బొట్టు. తెర పాడైపోతుందని నేను గుడ్డ తీశాను.

"తుడవకమ్మా" అన్నారు. "మీ ఆంటీ అక్కడుంది."