బేచిరాగ్ అని రాయమన్న ఊరు

సర్కారు కాగితాల్లో బేచిరాగ్ అనే మాట ఒకటుంది. దీపం వెలగని ఊరని అర్థం. నిజాం కచేరీల నాటి ఆ మాట ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా మా తాలూకా ఆఫీసులో అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందట, జనాభా లెక్కలప్పుడు, మా పెద్ద గుమాస్తా నన్ను పిలిచి, "మోదుగుమడుగు చూసి రా. మనుషులు లేకుంటే బేచిరాగ్ అని రాసెయ్. ఊరి పేరు కొట్టేసి పక్క పంచాయతీల కలుపుతరు" అన్నాడు. అడవి చూసి రావచ్చు కదా అని నేను ఎగిరి గంతేశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఉత్సాహం ఎక్కువ, బుద్ధి తక్కువ.

ఆ వైపు వెళ్ళదలచినవారికి దారి చెబుతాను. సెలవుకు ఇంటికి వెళ్ళి అటునుంచే బయలుదేరాను కాబట్టి, కరీంనగర్‌లో మొదటి బస్సెక్కి పెద్దపల్లిలో దిగాను. అక్కడ పాసింజరు రైలు పట్టుకుని బెల్లంపల్లి చేరేసరికి పది దాటింది. రెండు టికెట్లూ కలిపి మూడు రూపాయల లోపే. స్టేషన్ బయట, బాయి అని పిలిచే బొగ్గుగనిలో పనిచేసేవాళ్ళు తినే హోటల్లో జొన్నరొట్టె, పప్పు తిని ఎడ్లబండి కోసం వెతికాను. ఊరి పేరు వినగానే ముగ్గురు బండివాళ్ళు తల అడ్డంగా ఊపారు. నాలుగో మనిషి లచ్చయ్య రెట్టింపు కిరాయి అడిగి, నాలుగు రూపాయలకు ఒప్పుకున్నాడు.

"గా ఊర్లె గత్తరొచ్చి సగం మంది సచ్చిండ్రు సారూ. మిగిలినోళ్ళు బాయిపనికి బెల్లంపల్లికొచ్చిండ్రు. కుక్క గూడ లేదు. ఎవల్ని లెక్కవెడ్తవు?" అన్నాడు దారిలో. కలరాను అక్కడ గత్తర అంటారు.

"లేరని రాయడానికే పోతున్నా" అన్నాను గొప్పగా.

టేకు చెట్లు ఆకులు రాల్చిన రోజులవి. మూడు గంటల తోవలో ఎండుటాకుల మీద చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఊరు కనిపించగానే లచ్చయ్య బండి ఆపేశాడు. ప్రతి వాకిట్లోనూ పేడనీళ్ళ సాన్పి చల్లి ముగ్గేసి ఉంది. ఏడెనిమిది కప్పుల మీంచి పొగ లేస్తోంది. గట్టిగా పిలిచాను, ఎవరూ పలకలేదు. కోడి అరుపు లేదు, పసిపిల్ల ఏడుపు లేదు. ఒక తలుపు తోసి చూస్తే పొయ్యిలో కట్టె మండుతోంది, పొయ్యి మీద గిన్నె లేదు. రెండో ఇంట్లోనూ అంతే. నిజం చెప్పొద్దూ, పట్టపగలే భయమేసి మూడో తలుపు తొయ్యలేదు. అప్పుడు నేలకేసి చూశాను. తడిసిన మట్టిలో పాదాల గుర్తులున్నాయి. ఎడమ కాలు కొంచెం ఈడ్చినట్టున్న అవే పాదాలు, అన్ని వాకిళ్ళలోనూ.

"ఎవలు గావాలె?"

వెనక్కి తిరిగితే చేతిలో సాన్పి కుండతో ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. జనాభా లెక్కకు వచ్చానని చెప్పాను.

"అందరు చేన్లకు వోయిండ్రు. నేను జెప్త, రాసుకో సారూ" అని కుంటుకుంటూ ముందు నడిచింది.

ఇంటింటి ముందూ ఆగి పేర్లు, వయసులు తడబడకుండా చెప్పింది. నేను రాస్తూ పోయాను. అయిదో ఇంటి దగ్గర "మల్లయ్య, ఆయన పెండ్లాం, ముగ్గురు పిల్లలు" అనగానే లచ్చయ్య నా చొక్కా పట్టుకున్నాడు.

"సారూ, గా మల్లయ్య పీనుగును బండిమీద తోలింది నేనే."

నా కలం ఆగిపోయింది. ఆమె కుండ కింద పెట్టింది.

"నా పిల్లలిద్దరు గా వాగొడ్డున మట్టిల పండుకున్నరు. ఊరే లేదని రాస్తె వాళ్ళు ఏ ఊరోళ్ళయితరు సారూ? లెక్కలోళ్ళు వస్తరని విని ఎనిమిది దినాల సంది పొయ్యిలు ముట్టిస్తున్న. పొగ జూస్తెనన్న ఊరున్నదని రాస్తరనుకున్న."

అయినా చచ్చిపోయినవాళ్ళను, వలసపోయినవాళ్ళను రాసే వీలు లేదు. ఒక్కొక్క పేరూ కొట్టేస్తుంటే ఆమె కాగితం వైపే చూస్తూ నిలబడింది.

"అమ్మా, ఒక్కరున్నా బేచిరాగ్ అని రాయకూడదు. నువ్వున్నావు కదా" అన్నాను.

"నేనొక్కదాన్నుంటె ఊరయితదా?"

"అవుతుంది. నీ పేరు చెప్పు."

అంతసేపూ ఊరందరి పేర్లూ గడగడా చెప్పిన మనిషి, ఈసారి నేల చూస్తూ ఉండిపోయింది.

"నర్సవ్వ" అంది చివరికి. "పిలిచేటోళ్ళు లేక యాదికి రాలే సారూ."

ఆఫీసులో నా కాగితం చూసి పెద్ద గుమాస్తా "ఒకటేనా?" అని నవ్వాడు. ఒకటే అన్నాను. ఊరి పేరు జాబితాలో నిలిచింది. ఖాళీ ఇళ్ళను చూసిన భయం బెల్లంపల్లి చేరేలోపే పోయింది. తాను మనుషుల లెక్కకు రాననుకుని ఆమె అన్ని పొయ్యిలు రాజేసిందన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే, రానూపోనూ బండి ముందే మాట్లాడుకోండి, పొద్దుండగానే అడవి దాటండి. ఊళ్ళో పొగ ఒక్క ఇంటి మీదే కనిపిస్తుంది. వాకిట్లో నిలబడి, నర్సవ్వా అని పేరు పెట్టి పిలవండి.