కుప్పం బదిలీ బిల్లు

"...ఆ కాగితంలో నా పేరు యాల రాయలేదో ముందు అది చెప్పు, తర్వాతే లారీ కదిలేది!"

వరప్రసాద్ బంపరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. సామాన్లకు తాడు బిగిస్తున్న డ్రైవరు మునస్వామి చేయి ఆపాడు.

"నువ్వు కుప్పం వస్తాండావా?" అంది కృపావతి.

"నేను యాల వస్తా ఆడికి? పేరు రాయి. పోయినసారి రాయలేదా?"

పోయినసారి రాసింది. వాల్మీకిపురం నుంచి మదనపల్లె సర్కారు ఆస్పత్రికి నర్సుగా బదిలీ అయినప్పుడు, వేరుగా ఉంటున్న మొగుడు వరప్రసాద్ కూడా తనతో తరలివచ్చినట్టు ప్రయాణ ఖర్చుల బిల్లులో రాసి సంతకం పెట్టింది. పదిమందీ అట్లే రాస్తారు. ఆ టికెట్టు డబ్బు అతనికి రెండు సీసాలకు చాలలేదు. కాగితం మాత్రం పనికొచ్చింది. ఆర్నెల్లకు తలుపు పగలగొట్టి లోపలికొచ్చి ఆమె మణికట్టు విరిచాడు. స్టేషన్లో ఎస్సై ముందు ఆ బిల్లు నకలు పెట్టాడు. "సూడండి సార్, ఒక్క ఇంట్లోనే ఉండామని సర్కారుకు రాసిచ్చింది ఈమే. నా తలుపు నేను పగలగొట్టుకున్నా." కేసు కట్టలేదు.

"రాయను," అంది కృపావతి.

చెంపదెబ్బకు చక్రం పక్కన కూలింది. క్యాబిన్‌లో కూతురు జెమీమా కేక పెట్టింది. మునస్వామి కృపావతిని లేపి ఎక్కించి, బండి ముందుకు దూకించాడు. వరప్రసాద్ పక్కకు గెంతాడు.

పుంగనూరు దగ్గర, వెంటపడి వచ్చిన అతని మోటారుసైకిలు లారీకి అడ్డమొచ్చింది. వరప్రసాద్ వెనక తలుపు ఊడదీసి కుట్టుమిషను రోడ్డు మీదికి లాగాడు. దాంతోపాటు గిన్నెలూ రోకలీ దొర్లాయి. బీరువా అద్దం రాయితో పగలగొట్టాడు. దిగివచ్చిన కృపావతిని జుట్టు పట్టి ఆ గాజుపెంకుల మీదే ఈడ్చాడు. అడ్డం పడిన జెమీమాను మోచేత్తో పొడిస్తే పిల్ల నోట నెత్తురు వచ్చింది.

కృపావతి చేతికి రోకలి దొరికింది. మోకాలి కింద ఒక్కటే దెబ్బ. ఎముక విరిగిన శబ్దం నర్సుకు తెలుసు.

వరప్రసాద్ రోడ్డు మీద పొర్లాడాడు. ఆమె 108కి ఫోన్ చేసింది. రెండు చెక్కపేళ్లు వెతికి, తన చున్నీ చింపి అతని కాలికి కట్టు బిగించింది.

"కొట్టేదీ నువ్వే, కట్టు కట్టేదీ నువ్వేనా తల్లీ!" అన్నాడు మునస్వామి, కుట్టుమిషను ఎత్తుతూ.

వారం తర్వాత, కుప్పంలోని ఆఫీసులో గుమాస్తా రవిశంకర్ ఆమె బదిలీ బిల్లును ముందుకు జరిపాడు. ఆమె నుదుటి కుట్లు ఇంకా విప్పలేదు.

"సిస్టర్, మీ ఆయన మంచంలోంచే మీ మీద కేసు పెట్టినాడు. పొద్దున నాకు ఫోన్ చేసినాడు. కుటుంబం గడిలో ఆయన పేరు రాస్తే కేసు వాపసు తీసుకుంటాడంట. లేదంటే మీకు సస్పెన్షన్ తప్పదు. ఒక్క పేరే గదమ్మా, రాసేయండి."

కృపావతి ఆ గడిలో మిగిలిన ఖాళీ మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఇద్దరమే వచ్చినాము సార్. నేనూ, నా కూతురూ. అట్లే పంపండి. కేసు నడవనీండి."