అడిగింది ఆయన్ని, చెప్పింది నేను

ఆ ఆదివారం పొద్దున్న మా ఆయన కాఫీ వద్దన్నాడు. వేరే ఇంట్లో అయితే ఇది చెప్పుకోవాల్సిన సంగతే కాదు. మా ఆయన దావిత్ ఇథియోపియా మనిషి. ఆదివారం వస్తే పచ్చి గింజలు తనే కడిగి, పెనం మీద వేయించి, దంచి, మూడు విడతలుగా కాచుకు తాగితేగాని అతనికి వారం మొదలవదు. ఆ రోజు గింజలు వేయించింది నేను. వాసన రాగానే లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. తల బద్దలవుతోందని, కడుపులో తిప్పుతోందని అన్నాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

మేము అరకు దగ్గర ఈ ఊరికి వచ్చి అప్పటికి రెండేళ్లు. నాది కాకినాడ. విశాఖలో చదువుకునేటప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు అతని దేశంలో ఉన్నాం. ఇక్కడ కాఫీ పండ్లు ఒలిచి ఆరబెట్టే కేంద్రంలో అతనికి ఉద్యోగం దొరికితే ఇటు వచ్చాం. అతనికి ఇది పరాయి దేశం. నాకు దేశం నాదేగాని, ఈ కొండ పరాయిది. చలి, వారానికోసారి సంత, చెప్పాపెట్టకుండా పోయే కరెంటు, అన్నీ ఇద్దరం కలిసే అలవాటు చేసుకున్నాం.

అక్కడ ఉన్నన్నాళ్లూ నా తరఫున అతనే మాట్లాడేవాడు. కూరగాయల కొట్లో, ఆఫీసుల్లో, చివరికి డాక్టర్ దగ్గర కూడా. "ఆవిడకి ఎక్కడ నొప్పి?" అని డాక్టర్ అతన్ని అడిగేవాడు. నేను పక్కనే బొమ్మలా కూర్చునేదాన్ని. ఒళ్లు మండేది. ఇక్కడికి వచ్చాక పాత్రలు మారాయి. వీసా రిజిస్ట్రేషన్, బ్యాంకు, గ్యాస్ కనెక్షన్, అన్నిచోట్లా అతని తరఫున నేనే. అలాగని అతనికి తెలుగు రాదనుకోకండి. కేంద్రంలో పనిచేసే ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు అది. "ఏటి సేత్తన్నావు? బేగి రా" అని నన్ను పిలుస్తుంటే ఫోన్లో మా చెల్లెలు పడీపడీ నవ్వేది. మాటలు కూడగట్టుకోవడానికి అతనికి కాస్త సమయం పడుతుంది. నాకు ఓపిక తక్కువ. అతను నోరు తెరిచేలోగా నేను జవాబు చెప్పేసేదాన్ని. అది సేవ అనుకునేదాన్ని కూడా.

జ్వరం సంగతికి వస్తాను. "మలేరియా" అని అతనే తేల్చేశాడు. చిన్నప్పుడు నాలుగైదుసార్లు వచ్చిందట, దాని నడక తనకు తెలుసట. మంగళవారం ఆశా కార్యకర్త వచ్చి వేలు గుచ్చి చూసింది. నెగెటివ్. "రేపు మళ్లీ సూద్దాం మేడమ్" అంది. పారాసిటమాల్ వేస్తే రెండు గంటలు తగ్గేది, మళ్లీ వణుకు. ఒళ్లంతా ఎవరో రోకలితో దంచినట్టుందని మూలిగేవాడు.

బుధవారం నేను మందుల కోసం జీపులో అరకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి గేటు దగ్గరే సాంబ్రాణి పొగ. లోపల దావిత్ నుదుటి మీద బూడిద. మా ఇంటి ఓనరు చిలకమ్మ చేటలో బియ్యం గింజలు పోగుచేస్తోంది. ఆమె కేంద్రంలో దావిత్ దగ్గరే పండ్లు ఏరే పని చేస్తుంది. నేను పిన్నీ అంటాను.

"ఏంటి పిన్నీ ఇదంతా?"

"మరేటి సెయ్యమంటావమ్మా? నువ్వా ఊర్లో లేవు. దిసారిని పిలిసినాను. కొత్తగా పొదలు కొట్టించినారు కదా ఎనకాల, కోడిని కొయ్యకుండా కొట్టీసినారు. అక్కడే పట్టింది బాబుకి."

దిసారి అంటే ఈ కొండల్లో మంచిరోజులు చూసేవాడు, జబ్బుకు మందూ మంత్రమూ వేసేవాడూ. ఆయన పేరు సోమన్న. అప్పటికే వెళ్లిపోయాడు. కాఫీ గింజలు ఆరబెట్టే బల్లల కోసం కేంద్రం వెనక పొదలు కొట్టించిన మాట నిజమే. దావిత్ కూడా కత్తి పట్టుకుని వాళ్లతో పాటు మూడు రోజులు గడ్డిలో తిరిగాడు. చిలకమ్మ మీది కోపమంతా మంచం మీద ఉన్నవాడి మీద చూపించాను. చదువుకున్నవాడివి ఎలా ఒప్పుకున్నావని అరిచాను. అతను కళ్లు మూసుకున్నాడు.

దీని వెనక మా పాత తగాదా ఒకటి ఉంది. దావిత్ కడుపు మీద చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ పెట్టించిన వాతలు రెండున్నాయి. అది అనాగరికమని నేనూ, ఆమె నన్ను బతికించిందని అతనూ, పెళ్లయిన దగ్గర్నుంచీ వాదించుకుంటూనే ఉన్నాం. ఇక్కడికొస్తే ఈ కొండల్లోనూ కడుపునొప్పికి వాత పెట్టే అలవాటు ఉంది. చూశావా, మనవాళ్లే అని అతను సంబరపడ్డాడు. నేను మొహం మాడ్చుకున్నాను.

గురువారం తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే కుడి తొడ సందులో ఒక మచ్చ కనిపించింది. చొక్కా బొత్తాం అంత. మధ్యలో నల్లగా మాడిన చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. అచ్చం కాల్చినట్టే ఉంది. నేను లేని రెండు గంటల్లో వాత కూడా పెట్టించుకున్నాడన్నమాట. నాకు కనబడకుండా సందులో పెట్టించుకున్నాడన్నమాట. ఇదేమిటని అడగాలి కదా. అడగలేదు. అడిగితే ఏడుపొస్తుందని, పోట్లాట అవుతుందని, గుడ్డ బకెట్లో పడేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఏడాది పట్టింది.

శుక్రవారానికి అతను లేచి నిలబడలేకపోయాడు. అరకు ఆస్పత్రిలో చేర్చాం. కుర్ర డాక్టరైనా ఓపికగా చూశారు. రిపోర్టులు వచ్చాక, "మలేరియా, డెంగ్యూ రెండూ నెగెటివ్. ప్లేట్‌లెట్లు తగ్గాయి, లివర్ టెస్టులో ఎస్‌జీఓటీ ఎక్కువుంది. వైడాల్ కొద్దిగా పాజిటివ్ వచ్చింది. టైఫాయిడ్ లైన్లో స్టార్ట్ చేద్దాం" అన్నారు. పొట్ట నొక్కి చూస్తూ చూస్తూ ఆ మచ్చ దగ్గర ఆగారు. దావిత్ వైపు వంగి, నెమ్మదిగా అడిగారు.

"ఇదేంటి బాబూ? ఎప్పుడైంది?"

దావిత్ పెదవులు కదిలాయి. "అది..." అన్నాడు.

"దిసారి దగ్గర వాత పెట్టించుకున్నారండి, మొన్న" అన్నాను నేను.

డాక్టర్ తల అడ్డంగా ఊపి కేస్ షీట్లో రాసుకున్నారు. సెప్టిక్ అవకుండా చూడమని నర్సుకు చెప్పారు. నాకైతే పెద్దవాళ్లకు ఫిర్యాదు చేసినంత తృప్తి కలిగింది. దావిత్ నా వైపు ఒకసారి చూసి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అలసట అనుకున్నాను.

శనివారమంతా ఇంజెక్షన్లు. జ్వరం నూటనాలుగు దగ్గర్నుంచి దిగలేదు. ఆదివారం తెల్లవారేసరికి ఊపిరి కోసం పక్కటెముకలు ఎగరేస్తున్నాడు. ఆక్సిజన్ ఎనభై ఆరు. "లంగ్స్‌లో ఫ్లూయిడ్ చేరుతోంది. ఇక్కడ వెంటిలేటర్ లేదమ్మా. విశాఖ తీసుకెళ్లండి, లేట్ చెయ్యొద్దు" అన్నారు డాక్టర్.

ఘాట్ రోడ్డులో అంబులెన్స్. మలుపు తిరిగినప్పుడల్లా స్ట్రెచర్ నా మోకాళ్లకు కొట్టుకునేది. మాస్కు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకున్నాను. అతను అమ్హారిక్‌లో వాళ్ల అమ్మతో మాట్లాడుతున్నాడు. నన్ను గుర్తుపట్టడం లేదు. ఇతను ఇక్కడ పోతే వాళ్ల అమ్మకు ఏ మాటలతో చెప్పాలని వాక్యాలు వెతుక్కుంటున్నాను. అలా వెతుక్కుంటున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నానికి విశాఖలో ఐసీయూ. డ్యూటీ డాక్టర్ రిఫరల్ కాగితం చూస్తూ అన్నీ కొత్త షీట్లోకి ఎక్కించుకున్నారు. వాతతో సహా. "కిడ్నీలు దెబ్బతింటున్నాయి, క్రియాటినిన్ మూడు దాటింది. బీపీ నిలబడటం లేదు. వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు, సంతకం చెయ్యండి. పెద్ద డాక్టర్ గారు ఇంకో గంటలో వస్తారు." సంతకం చేశాను. బయట కుర్చీలో కూర్చుంటే ఫోన్ మోగింది. చిలకమ్మ.

"ఎలాగున్నాడమ్మా బాబు?"

"ఎలా ఉంటాడు పిన్నీ? చావుబతుకుల మీద ఉన్నాడు. మీ దిసారి ఒళ్లు కాల్చి పెట్టాడుగా, మీకు చల్లగా ఉందా?" అన్నాను. కారిడార్లో అందరూ తలలు తిప్పి చూశారు.

"కాల్సడమేటి?"

"వాత. తొడ సందులో."

"ఓలమ్మ! వాత ఎవులెట్టినారు? నాను ఆ గుమ్మంలోనే కూకున్నాను కదా. బియ్యం సూసినాడు, పొగేసినాడు, బూడిదెట్టినాడు, ఎల్లిపోనాడు. ఉండు, ఇక్కడే ఉన్నాడు, నువ్వే అడుగు."

దిసారి గొంతు ఎప్పుడూ వినలేదు. వయసు మీరిన మనిషి, తొందర లేని గొంతు. "అమ్మా, నాను జొరానికి వాతెట్టను. వాత కడుపునొప్పికి, అదీ బొడ్డు సుట్టూ ఎడతాం. ఎడితే పక్కిల్లోలికి ఇనబడేటట్టు అరుత్తారు. సందులో ఎవులెడతారు? ఆ మచ్చ నొప్పెడతందా బాబుకి?"

తడిగుడ్డతో తుడిచిన రోజు గుర్తొచ్చింది. మచ్చ మీద గుడ్డ పడినా దావిత్ కదల్లేదు. ఉలిక్కిపడలేదు. ముందురోజే కాల్చిన పుండుకు గుడ్డ తగిలితే ఎవరైనా ఉలిక్కిపడరా?

ఫోన్ పెట్టేశానో లేదో కూడా తెలియదు. పెద్ద డాక్టర్ గారు అప్పుడే ఐసీయూ తలుపు దగ్గరికి వస్తున్నారు. చేతులు అడ్డంపెట్టినంత పని చేశాను. "సార్, కాగితంలో వాత అని ఉంది. అది వాత కాదు. నేను తప్పు చెప్పాను. దానికి నొప్పి లేదు సార్."

ఆయన విసుక్కోలేదు. లోపలికి వెళ్లి, దుప్పటి తొలగించి, టార్చ్ వేసి చూశారు. నన్ను పిలిచారు. "ఎస్కార్ అంటారమ్మా దీన్ని. చిగ్గర్ అని కంటికి కనబడని పురుగు కుట్టిన చోట ఇలా వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఏమైనా తిరిగారా ఈమధ్య?"

"మూడు రోజులు పొదలు కొట్టించారండి."

"స్క్రబ్ టైఫస్. బ్లడ్ పంపిద్దాం, రిపోర్ట్ కోసం ఆగొద్దు. డాక్సీసైక్లిన్ వెంటనే మొదలెట్టండి సిస్టర్." తర్వాత నా వైపు తిరిగి, "బర్న్ అని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు.

"నేనే సార్."

మందు పడిందని వెంటనే కథ సుఖాంతం కాలేదు. ఆ సాయంత్రమే వెంటిలేటర్ పెట్టారు. "నలభై ఎనిమిది గంటలు చూద్దాం" అన్నారు. ఆ రెండు రోజులూ ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా పేరే పిలుస్తారని కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని. మూడో రోజు పొద్దున్న జ్వరం తొంభై తొమ్మిదికి దిగింది. అయిదో రోజు ట్యూబ్ తీశారు. రిపోర్ట్ కూడా పాజిటివ్‌గా వచ్చింది. "ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే..." అని పెద్ద డాక్టర్ గారు మాట అక్కడితో ఆపేశారు.

వార్డుకు మార్చాక దావిత్‌కు నిజం చెప్పాను. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. పొదలు కొట్టిన వారానికే ఆ మచ్చ చూసుకున్నాడట. కాఫీ తోటల్లో జలగలు మామూలే కదా, అదీ జలగే అనుకున్నాడట. డాక్టర్‌కు అదే చెప్పబోయాడట.

"మరి నేను వాత అన్నప్పుడు కాదనొచ్చు కదా?" అన్నాను. తప్పు నాది పెట్టుకుని దబాయింపు కూడా నాదే.

"నువ్వు సెప్పీసినావు. నాకు సత్తువ లేదు" అన్నాడు.

ఇరవై రోజుల తర్వాత కొండెక్కాం. కర్ర పట్టుకుని గేటు నుంచి గుమ్మం దాకా రావడానికి రెండుసార్లు ఆగాడు. మర్నాడే నేను దిసారి ఇంటికి వెళ్లి, ఫోన్లో అన్నదానికి క్షమించమన్నాను. "పోన్లేమ్మా. మీ డాట్రు మందు పని సేసింది. మంచిదే. ఆ పొదల కాడ నాను కోడిని కూడా కోసీసినాను, ఇక బయం లేదు" అన్నాడు. ఇప్పుడు ఆ పొదల్లో పనికి వెళ్లే ప్రతివాళ్లకూ దావిత్ పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు, బూట్లు తప్పనిసరి చేశాడు. సాయంత్రం ఇంటికెళ్లగానే స్నానం చేసి బట్టలు ఉతుక్కోమని చిలకమ్మ అందరి వెంటా పడుతుంది.

ఏడాది గడిచింది. పోయిన నెల విశాఖలో ఆఖరి రివ్యూ. పెద్ద డాక్టర్ గారు "ఎలా ఉందండీ ఇప్పుడు?" అన్నారు. బ్రహ్మాండంగా ఉన్నారండి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. దావిత్ మాటలు కూడగట్టుకున్నాడు. గడియారం చప్పుడు వినపడేంతసేపు.

"నడుత్తన్నానండి. మెట్లెక్కితే కొంచెం ఆయాసం. కుడి సెవి సరిగ్గా ఇనబడదు. ఒళ్లు కొంచెం యెచ్చగయితే సాలు, సచ్చిపోతానని బయమేత్తంది. రోజూనే. మా ఆవిడికి సెప్తే ఏడుత్తాదని సెప్పలేదు."

చెవి సంగతి నాకు తెలియదు. భయం సంగతి అసలే తెలియదు. అతను అనుకున్నట్టే, అక్కడే ఏడ్చేశాను.

కొండల్లో, పొలాల్లో, పొదల్లో తిరిగిన మనిషికి జ్వరం వస్తే తల నుంచి కాలిదాకా ఒళ్లంతా వెతకండి. చంకలు, తొడ సందులు, నడుం మడత వదలొద్దు. నొప్పి లేని నల్లటి చెక్కు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఇదేమిటని డాక్టర్ అడిగితే, ఎంత తెలిసినదే అనిపించినా, ఆ మనిషి నోరు తెరిచేదాకా మీరు నోరు మూసుకోండి.