బాలింత ఇంట్లో సొరపిల్లలు

గవర్నర్‌పేటలో రంగుచేపల దుకాణం ముందు నుంచి నడుస్తుంటే గాజుతొట్ల నాచు వాసన ముక్కుకు తగిలి నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఈ వయసులో కూడా కాసేపు నిలబడి, బుడగలు వదిలే మోటారు చప్పుడు వింటూ, మా వరండాలో పెరిగిన సొరచేప పిల్లల్ని తలుచుకుని గానీ కదలను.

డెబ్భైల నాటి మాట. మాది చేపల వ్యాపారం. బందరు రేవు నుంచి మంచుపెట్టెల లారీతో వచ్చే బాబాయి, ఓ వేసవి మొదట్లో, వలకు చిక్కిన రెండు సొరగుడ్లు తెచ్చాడు. గుడ్లంటే గుండ్రంగా, తెల్లగా ఉంటాయనుకునేరు. అరచేతిలో ఇమిడే గోధుమరంగు తోలుసంచులవి. వాటికోసం అద్దాలతొట్టి కట్టించి, పాలక్యానుల్లో సముద్రపు నీళ్లు మోసుకొచ్చేవాడు. "చేపలమ్మే ఇంట్లో చేపల్ని సాకడవేంట్రా!" అని నాన్నమ్మ నవ్వేది. నీళ్లెప్పుడు మార్చాలో నేను బాబాయికి చెప్పబోతే, "గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందంట" అని నన్నూ వదిలేది కాదు.

అదే వారం అక్క పురిటికి వచ్చింది. పెరట్లో ఆవపిండి ఘాటు, మేడమీద వడియాల గంజి వాసన, వీధిలో ముంజలబండి కేకలు సాగుతుండగా, ఎండ భరించలేక అక్క తొట్టి పక్కనే చాప వేసుకునేది. గుడ్డు వెనక టార్చి పెడితే లోపల సన్నటి పిల్ల మెలికలు తిరిగేది. అక్క ఒక చెయ్యి తన కడుపు మీద వేసుకుని చూస్తుండేది.

నల్లచారలతో రెండూ పిల్లలయ్యాయి. పుల్లకొసన రొయ్యముక్క గుచ్చి అందిస్తే వచ్చి లాక్కునేవి. కొన్నాళ్లకే అక్క ఆడపిల్లను కంది. అయితే పాలు పడలేదు. పసిది గొంతు పోయేలా ఏడ్చేది. మావైపు బాలింతకు సొరపుట్టు, అంటే సొరచేపను ఉడికించి చిదిమి చేసే పొడికూర, పెడితే పాలు పడతాయని నమ్మకం. కానీ తుఫానుకి పడవలు కదలక, మార్కెట్లో సొర అన్నదే లేదు.

నాన్నమ్మ గిన్నె పట్టుకుని తొట్టి దగ్గరికొచ్చింది. "ఇంట్లో సొరలు పెట్టుకుని పసిదాని నోరు ఎండగడతావా? రెంటినీ తియ్యరా" అంది బాబాయితో. నాకు ఏడుపొచ్చింది. పసిదాని ఆకలి చూస్తే వద్దనడానికి నోరు రాలేదు, ఆ పిల్లల్ని చూస్తే తియ్యమనడానికీ మనసొప్పలేదు. బాబాయి తలొంచుకుని నీళ్లలో చెయ్యి పెట్టాడు.

అక్క పసిదాన్ని ఎత్తుకుని గడప దాకా వచ్చింది. "వద్దు నాన్నమ్మా. వీటిని చూస్తూనే దీన్ని మోశాను. వండినా నా గొంతు దిగవు."

"ఇదెక్కడి చోద్యమే!" అని గొణుక్కుంటూనే నాన్నమ్మ గిన్నె పక్కన పెట్టి, ఆ వానలోనే మునగాకు దూసుకొచ్చి, వెల్లుల్లి వేసి వండి పెట్టింది. అందువల్లో, దానంతటదేనో గానీ, నాలుగు రోజులు గడిచాక పసిది కడుపునిండా తాగి నిద్రపోయింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

పెరిగేకొద్దీ ఒంటి మీది చారలు మాసి, తొట్టి ఇరుకయ్యాక వాటిని బందరు తీసుకెళ్లి సముద్రంలో వదిలాం. చూస్తుండగానే బురదనీళ్లలో కలిసిపోయాయి.

ఇప్పుడు నాన్నమ్మ లేదు, బాబాయీ లేడు. ఆ పసిదాని కూతురే ఈమధ్య బాలింతైతే సొర కోసం మార్కెట్టుకి వెళ్లాను. గంపలో చారలు కూడా మాయని జానెడు సొరపిల్లలున్నాయి. పెద్దవి లేవా అని అడిగాను.

"ఇంకెక్కడి పెద్దవండీ, వాటిని పెరగనిస్తేగా" అంది అమ్మే ఆవిడ.

ఖాళీ సంచితో ఇంటికొచ్చేశాను.