అమ్మకి జోడీ

మా ఇంటి గేటుకి పార్టీ బోర్డు ఒకటి ఉంది. మహిళా విభాగం శాఖ అని మలయ్ భాషలోనూ తమిళంలోనూ రాసి ఉంటుంది. నా చిన్నప్పుడు ఆ బోర్డు గుర్తుపట్టి జనం వచ్చేవాళ్లు. పుట్టిన సర్టిఫికెట్ లేని పిల్లల తల్లులు, ఈ మలేషియాలోనే పుట్టి పెరిగినా పౌరసత్వం కార్డు రాని ముసలివాళ్లు. ముందు గదిలో కుర్చీలు చాలక గుమ్మం బయట చెప్పుల పక్కనే కూర్చునేవాళ్లు. అమ్మ వాళ్లని వెంటబెట్టుకుని బస్సుల్లో ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగేది.

ఇప్పుడు ఆ బోర్డు కింద పక్కింటివాళ్లు మోటారుసైకిలు పెట్టుకుంటున్నారు. వచ్చేవాళ్లు లేరు కాబట్టి ఎవరికీ అడ్డం కాదు. మా వీధిలో పార్టీ టీషర్టులతో కార్లు తుడుస్తారు. ఏటా మేము ఇంటింటికీ పంచే పార్టీ క్యాలెండరు ఒక ఇంట్లో బోర్లా పరిచి, దాని మీద వేడి కూర గిన్నె పెట్టడం నేను చూశాను. పార్టీ పేరు ఒక్క రోజులో పోలేదు. ఎన్నికలప్పుడు దండలతో వచ్చి, మిగతా కాలం ఫోను ఎత్తని మనుషులు పైన కూర్చోవడం వల్ల మెల్లగా పోయింది. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ అమ్మని చూడగానే, నాయకురాలా అని పిలుస్తూ తమిళంలో అంటుంది, "ఏం తలైవీ, ఈసారి మీవాళ్లు ఏ పక్కకి దూకుతున్నారు?" అమ్మ నవ్వేసి చేప మొప్పలు ఎత్తి చూస్తుంది. ఇంటికొచ్చాక ఆ చేపని మామూలు కంటే గట్టిగా తోముతుంది.

నాన్న ఆ పార్టీకి ఓటు వెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి దాచడు కూడా. "నా ఓటు నీ పార్టీకి లేదు, నీకు మాత్రం టీ ఉంది" అని పొద్దున్నే అమ్మకి కప్పు అందిస్తాడు.

అలాంటి రోజుల్లో జిల్లా మహిళా విభాగం అధ్యక్షురాలు పార్టీ వదిలి ఇంకో పార్టీలోకి వెళ్లిపోయింది. ఆ పదవికి తను నిలబడతానని అమ్మ అంది. మా పార్టీలో ఒక పద్ధతి ఉంది. అధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషి ఒంటరిగా నిలబడదు, ఉపాధ్యక్షురాలిని తనే ఎంచుకుంటుంది. ఇద్దరి ఫోటోలూ ఒకే కార్డు మీద పక్కపక్కన వేయించి పంచుతారు. దాన్నే మావాళ్లు జోడీ అంటారు. జోడీ ఎవరో తెలిస్తే ఆ మనిషి ఎవర్ని నమ్ముతుందో తెలిసిపోతుంది.

నాకు ఓటుహక్కు రాకముందే అమ్మ నన్ను సభ్యురాలిగా చేర్పించింది. నేను క్లాంగ్ ఓడరేవు దగ్గర సరుకు రవాణా ఆఫీసులో పని చేస్తాను. అక్కడ రోజంతా నా నోటి నుంచి పది మాటలు వస్తే ఎక్కువ. కానీ అమ్మ మైకులో చెప్పే ప్రతి మాటా నేను రాసిందే. అది ఎలా అంటే, మేము తెలుగువాళ్లం, మా పార్టీలో మాత్రం అందరూ తమిళంలో మాట్లాడతారు. అమ్మ తమిళం బాగానే మాట్లాడుతుంది గాని ఆ లిపి రాదు. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో ఉన్నప్పుడు తోట బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత బడి మూతపడింది, అమ్మ చదువూ అక్కడితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం రాసిస్తే నాలుక మడత పడుతుందంటుంది. అందుకని నేను ప్రసంగాన్ని తమిళంలోనే కట్టి, తెలుగు అక్షరాల్లో రాసిస్తాను. ఆ కాగితం చదవాలంటే రెండు భాషలూ కావాలి. మా జిల్లా పార్టీలో అది చదవగలిగేది అమ్మా, నేనూ. వేదిక మీద అమ్మ కళ్లజోడు సర్దుకుని నా గుండ్రటి అక్షరాలు చూస్తూ మాట్లాడుతుంటే, వెనక వరసలో కూర్చుని నేనూ పెదాలు కదుపుతూ ఉండేదాన్ని.

ఆ శనివారం పొద్దున్న అందరం దోసెలు తింటున్నాం. నాన్న అడిగాడు, "మరి జోడీకి ఎవుల్ని పెడతావు?"

"అదే ఆలోచిస్తన్నాను" అంది అమ్మ.

"ఖాళీ బస్సుకి ఇద్దరు కండక్టర్లు ఎందుకే?"

"నువ్వు తినీసి లెగు" అని అమ్మ నాన్న కంచంలో ఇంకో దోసె వేసింది. ఆ తర్వాత నా వైపు కాదు, నా పక్కనున్న వదిన వైపు తిరిగింది. "ఏటే, నువ్వు నిలబడతావేటి?"

వదిన మా అన్నయ్య భార్య. తమిళుల పిల్ల. అన్నయ్య లారీ మీద రోజుల తరబడి బయటే ఉంటాడు కాబట్టి ఆమె ఎక్కువగా మాతోనే ఉంటుంది. ఆమె నవ్వితే ముందింటివాళ్లకి వినపడుతుంది. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తుంది. పార్టీలో చేరి ఏడాది కూడా కాలేదు. ఫోను బల్ల మీద పెట్టి, "నేనా అత్తే? సరి లా. ఏ చీర కట్టాలి?" అంది.

నాన్న నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. నేను చట్నీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. అందులో ఇంకా చట్నీ ఉంది.

అమ్మ నా వెనకే వచ్చింది. "ఏటి, మొకం అలగ పెట్టినావు?"

"ఏం లేదమ్మా."

"దానికి నోరుంది, మనుషుల్లోకి పోతాది. నువ్వు ఇంటికి సుట్టాలొస్తే గదిలోకి దూరిపోతావు. నిన్నెలగ నిలబెడతాను సెప్పు? నువ్వు రాసీ పని సూసుకో, అది మరెవులికీ రాదు."

ఆ మాట పొగడ్తే. నాకు మాత్రం కుర్చీ లాగేసి దిండు చేతికిచ్చినట్టనిపించింది. అమ్మ నన్ను అడిగి ఉంటే నేను వద్దనేదాన్నే. ఆ సంగతి నాకూ తెలుసు, అమ్మకీ తెలుసు. అయినా అడగాలి కదా. అడిగి, నేను వద్దన్నాక, రెండోసారి బతిమాలి, ఆ తర్వాత వదిన దగ్గరికి వెళ్లాలి. ఆ రోజు డైరీలో ఇదే రాసుకున్నాను, రెండు పేజీలు. చివర్లో వదిన గోళ్ల రంగు గురించి కూడా రాశాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫోటో తీయించుకోవడానికి ఇద్దరూ ఒకే రంగు చీరలు కట్టుకున్నారు. వదినకి అమ్మ ఇచ్చిన ఆ నీలం చీర నా కోసం దాచిందని నేను అనుకుంటూ ఉండేదాన్ని. ఎవరూ అలా చెప్పలేదు. స్టూడియోలో వదిన అమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. ఫోటో తీసే అతను, "కూతురా?" అని అడిగాడు. అమ్మ "కోడలు" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, "కూతురులాగే" అంది. నేను హాండ్‌బాగులు పట్టుకుని లైటు స్టాండు పక్కనే నిలబడి ఉన్నాను. ఆ కార్డులు పెట్టెలో వచ్చినప్పుడు కత్తిరించి, కట్టలు కట్టింది నేనే. ప్రతి కార్డు మీదా ఆ గడ్డం, ఆ భుజం.

తర్వాత సభ్యుల ఇళ్లకి తిరిగాం. ముగ్గురం వెళ్లేవాళ్లం. ముందు అమ్మ, పక్కన వదిన, వెనక సంచితో నేను. ఒక ఇంట్లో ముసలావిడ ఇనప తలుపు తియ్యకుండానే కమ్మీల మధ్య నుంచి మాట్లాడింది. "నా మనవడి కాగితాలు మీ పెద్దల దగ్గరికి పట్టుకెళ్లి మూడేళ్లు తిరిగాను. చివరికి పని చేసిపెట్టింది అవతలి పార్టీ కుర్రాడు. ఇంకా నా ఇంటి ముందుకి ఏ మొహంతో వచ్చారు?"

వదిన కమ్మీల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, "ఈ మొహంతోనే అవ్వా. ఇంకోటి కొనుక్కోడానికి బజార్లో దొరకడం లేదు" అంది తమిళంలో. ముసలావిడ నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. తాళం తీసింది. మాకు రోజ్ సిరప్ కలిపిన చల్లటి నీళ్లు ఇచ్చింది. అప్పటికింకా నేను నాలుగు రకాల జవాబులు మనసులో తయారు చేసుకుంటున్నాను. అన్నీ వదిన చెప్పినదానికంటే పెద్దవి. ఒక్కటీ తలుపు తీయించేది కాదు.

అలా ఇళ్లు తిరిగి, మాట్లాడి మాట్లాడి అమ్మ గొంతు పోయింది. ఓట్లు వేసే రోజు ఆదివారం. ఆ పొద్దున్న అమ్మ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వేన్నీళ్లు, మిరియాలు, తేనె, ఏవీ పని చేయలేదు. పార్టీ సమావేశం జరిగే హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ఒకప్పుడు ఇదే సమావేశానికి కూర్చోవడానికి చోటు దొరక్క కిటికీల బయట నిలబడేవాళ్లట. పోటీలో ఉన్న రెండో జోడీ టైలరింగ్ షాపు ఆవిడ, ఆవిడ చెల్లెలు. వాళ్లు మాట్లాడి దిగారు. అమ్మ పేరు పిలిచారు.

అమ్మ లేచి, చేతిలో ఉన్న ప్రసంగం కాగితం జోడీకి అందించింది. వదిన మైకు దగ్గరికి వెళ్లి కాగితం విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అత్తే, ఇది తెలుగు కదా" అంది. మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా వినపడింది. పొద్దుటి హడావుడిలో ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు అమ్మ నా వైపు చూసింది. గొంతు లేదు కాబట్టి చేత్తోనే పిలిచింది. నువ్వు రా, చదువు అని. ఇన్ని వారాలుగా నేను ఎదురు చూసింది దానికే. అందరి ముందూ, పేరు పెట్టి పిలిచినంత స్పష్టంగా అమ్మ నన్ను అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ రెండోసారి పిలిచింది. నేను రెండోసారి ఊపాను.

వదిన వచ్చి నా మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "నువ్వు నా వెనక కూర్చో పాపా. చెవిలో చెప్పు, నేను మైకులో చెప్తాను."

వేదిక మెట్టు మీద కూర్చుని నేను ఒక్కో వాక్యం గుసగుసగా చదివాను. ఆమె ఒక్కో వాక్యం మైకులో చెప్పింది. మన తల్లుల త్యాగాల చరిత్ర. సవాళ్ల కాలం. ఐక్యతే మన ఆయుధం. ఆమె గొంతులో అవి మొదటిసారి విన్నాను. నాకే ఆవలింత వచ్చేలా ఉన్నాయి. ముందు వరసలో ఒకావిడ ఫోను చూసుకుంటోంది. అప్పుడు వదిన నా వైపు వంగడం మానేసింది. నేను తర్వాతి వాక్యం అందించాను, ఆమె తీసుకోలేదు.

"మన పార్టీ పేరు చెడిపోయింది అక్కలూ" అంది. "నాకూ తెలుసు, మీకూ తెలుసు. పార్టీ టీషర్టు వేసుకుని మా పుట్టింటికి వెళ్లాను. మా నాన్న గుమ్మంలోనే ఆపేశాడు. అది మార్చుకుని లోపలికి రమ్మన్నాడు. కార్లో కూర్చుని మార్చుకున్నాను. అన్నం తిన్నాను. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే వేసుకున్నాను. పార్టీ కోసం కాదు. మా అత్త గేటుకి ఇంకా బోర్డు ఉంది, అందుకు. మీలో ఎంతమంది ఇళ్లకి బోర్డు ఉంది?"

ఫోను చూస్తున్న ఆవిడే ముందు చప్పట్లు కొట్టింది. హాలంతా అందుకుంది. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నా చేతిలో కాగితం సగం మిగిలిపోయింది. ఆ బోర్డు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. రోజూ దాని పక్కనుంచే లోపలికి వెళ్తాను. ఒక్క ప్రసంగంలోనూ దాన్ని పెట్టాలని నాకు తోచలేదు. వదిన మీద నాకు ఎప్పుడైనా అసూయ కలిగిందంటే అది నిజంగా ఆ క్షణంలోనే. నీలం చీరా, ఫోటో, ఇవన్నీ ఆ వాక్యం ముందు ఏపాటి? అది నాది కావలసిన వాక్యం.

జోడీ గెలిచింది. పెద్ద తేడాతో కాదు. ఇంటికొచ్చాక నాన్న అమ్మకి టీ ఇస్తూ, "ఇద్దరు కండక్టర్లకీ సీటు దొరికినాది. ఇంక పాసింజర్లని ఎతుక్కోండి" అన్నాడు. అమ్మ జవాబు చెప్పలేక అతని భుజం మీద ఒక్కటి వేసింది. నాతో ఆ రోజు ఏమీ అనలేదు. గొంతు వచ్చాక కూడా అనలేదు. రెండుసార్లు పిలిచిన సంగతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం వదిన నా గదిలోకి వచ్చింది. "పాపా, నాకు తెలుగు అక్షరాలు నేర్పించు లా. మళ్లీ అత్త గొంతు పోతే?"

ఆఫీసు పని ఉందన్నాను. కంప్యూటరు తెరిచి కూర్చున్నాను కూడా. కాసేపటికి ముందు గదిలోంచి నవ్వులు వినపడ్డాయి. వెళ్లి చూస్తే, ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. మిగిలిపోయిన జోడీ కార్డు ఒకటి బోర్లా తిప్పారు. వదిన చేతిలో పెన్సిలు ఉంది, ఆ చేతి మీద అమ్మ చెయ్యి ఉంది. అమ్మ దిద్దిస్తోంది.

"ఇలగ తిప్పాల. ఆ, ఇంకా. ఇప్పుడు తోక లాగు."

నాకు అక్షరాలు వచ్చింది ఆ చెయ్యి కిందే. ఆ వేళ్ల బరువు నాకింకా తెలుసు.

"అలా కాదమ్మా, నువ్వు తొందరపడుతున్నావు" అని నేను వాళ్ల మధ్యలో కూర్చున్నాను. అమ్మ కాస్త జరగవలసి వచ్చింది. పెన్సిలు నేను తీసుకున్నాను. "నేను నేర్పిస్తాను వదినా."

వదిన సంతోషించింది. అమ్మ నా మొహంలోకి చూసి, టీ పెట్టడానికి లేచింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాఠం నేనే చెబుతున్నాను. వదిన త్వరగానే పట్టేస్తుంది, నేనే మళ్లీ మొదటికి తీసుకెళ్తాను. పునాది గట్టిగా ఉండాలని చెబుతాను. ఇంకా అచ్చుల దగ్గరే ఉన్నాం.