మధ్యాహ్నం దాకా వెలిగిన ఫాగ్ లైట్లు

అన్నీ జాగ్రత్తగా చేసే మనిషికి మొన్న ఆదివారం ఏం గతి పట్టిందో అచ్చంపేటలో పదిమంది ఆడపిల్లలు కళ్లారా చూశారు. ఆ మనిషిని నేనే.

మా అమ్మాయి అఖిల అక్కడ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది. చేర్పించిన రోజే దాని పెట్టె మూత లోపల టేపుతో ఓ కాగితం అంటించాను: ‘గది వదిలేముందు లైట్ బంద్, ఫ్యాన్ బంద్, నల్లా బంద్.’ కింద రోజూ సంతకం పెట్టడానికి గీతలు. దూరాన ఉన్న పిల్ల, నాకు ఫికర్ ఉండదా?

ఈసారి బిర్యానీ తినిపిస్తానని మాటిచ్చాను. ఔట్‌పాస్ పన్నెండు నుంచి రెండింటి దాకే. దారిలో మంచుంటుందని పాత కారుకు ఫాగ్ లైట్లు కూడా వేయించాను.

“సార్, డైరెక్ట్ బ్యాటరీకి ఇచ్చిన. తాళం తీసినా వెలుగుతయి. జర యాదికుంచుకోండ్రి,” అన్నాడు మెకానిక్.

నాకా చెప్పేది!

ఎందుకైనా మంచిదని తెల్లవారకముందే దేవరకొండలో బయల్దేరాను. డిండి దగ్గర ఒకటే మంచు. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచినట్టైంది. డిమ్ చేసి ఫాగ్ లైట్లు వేశాను. అబ్బ, రోడ్డు అంచు గీత ఎంత చక్కగా కనిపించిందో! హాస్టల్ చేరేసరికి ఎండ వచ్చింది. ఎవరికీ అడ్డం కాకుండా కారు ముక్కును ప్రహరీ గోడ దగ్గరికంటా పెట్టి, నాలుగు డోర్లూ రెండేసిసార్లు లాగి చూశాను.

పన్నెండింటికి అఖిల వచ్చి కూర్చుంది. తాళం తిప్పాను. టక్! మళ్లీ తిప్పాను. ఈసారి ఆ టక్ కూడా లేదు.

అఖిల దిగి, గోడకూ కారుకూ మధ్య వంగి చూసింది.

“బాపూ, గివి పొద్దటిసంది వెలుగుతనే ఉన్నయా?”

నేను హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను.

దాని దోస్తులు తొమ్మిదిమంది ఉరికొచ్చారు. “అంకుల్, మీరు కూసోండ్రి. మేం నూకుతం!”

ముందు వెనక్కి నూకారు, తర్వాత ముందుకు. కారు స్టార్టయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఆపితే మళ్లీ నూకాలి. అందుకని హోటల్ ముందు ఇంజన్ నడుస్తుండగానే, పార్సిల్ పొట్లం ఒళ్లో పెట్టుకుని బిర్యానీ తిన్నది పిల్ల. రెండింటికి ఐదు నిమిషాలుందనగా గేటు దగ్గర దింపాను.

“ఆగు బాపూ,” అని లోపలికి ఉరికి, పెట్టెకున్న కాగితం పీక్కొచ్చి, నా స్టీరింగ్ పక్కన అంటించింది.

“ఫ్యాన్, నల్లా కొట్టేసిన. లైట్ ఒక్కటే ఉంచిన. రోజూ సంతకం పెట్టు. మళ్లొచ్చినప్పుడు చూస్త.”

ఇంటికొచ్చి చూశాను. దాని సంతకాలు ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఇవాళ గురువారం. నావి అప్పుడే మూడు గీతలు ఖాళీ.